చెవి మిషన్ సొరుగులో లేదు

లేవగానే ఇది చదువు. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్ళున్నాయి, గుక్క గుక్కగా తాగు. ఎవరైనా తలుపు కొడితే పలకకు. మీ అక్కకి నేనే ఫోన్ చేసి చెప్పేశాను. గుసగుసగా మాట్లాడితే ఏం కాదులే అనుకోకు, దానివల్ల కూడా గొంతు అలిసిపోతుందట. తినగానే నడుం వాల్చకు, పులుపు పైకి తన్ని గొంతు మండుతుందట. పదిహేను రోజులు నోరు విప్పకు.

నిన్న డాక్టరమ్మ మాటలు నాకు వినబడలేదనుకున్నావేమో. ఆవిడది పెద్ద గొంతు, అన్నీ వినబడ్డాయి. "అరిచీ అరిచీ స్వరతంత్రులు ఒరుసుకుని కాయలు కాశాయమ్మా" అంది. నీ మెళ్ళో లైబ్రరీ ఉద్యోగం కార్డు చూసి, "పుస్తకాల మధ్య ఎవరి మీద అరుస్తారండీ?" అని నవ్వింది. నువ్వు తల దించుకున్నావు గానీ నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

మిల్లు హోరుకి నా చెవులు మొద్దుబారి మూడేళ్ళయింది. మిషన్ పెట్టుకుంటే తోటివాళ్ళు ముసలాడంటారని సొరుగులో పడేశాను. అన్నానికి పిలవాలన్నా నువ్వు వంటింట్లోంచి కేకెయ్యాల్సి వచ్చేది. పైగా "ఎందుకలా గొంతు చించుకుంటావ్" అని నిన్నే విసుక్కునేవాణ్ణి. సిగ్గుగా ఉంది.

షిఫ్టుకి టైమయింది, వెళ్తున్నా.

మరిచాను. సొరుగులో మిషన్ లేదని కంగారు పడకు, పెట్టుకునే వెళ్తున్నా. ఇందాక చెప్పులేసుకుంటుంటే నిద్రలో నీ ఊపిరి వినబడింది. మూడేళ్ళలో నువ్వు అరవకుండా నాకు వినబడింది అదొక్కటే.