వాటీ తాతకు తలవైపు తాడు

ఐల్సాకు అమ్మమ్మ దీవెనలు. నేను కులాసా.

మన ఊరి కవిగారి ఇల్లు వచ్చేవాళ్లకు చూపించే వాటీ తాత ఆదివారం పోయాడు. శుక్రవారం పదకొండింటికి పాత చర్చి శిథిలాల పక్కన, కవిగారి సమాధికి ఎదురుగా పూడుస్తారు. పెట్టెను గోతిలోకి దించేటప్పుడు తలవైపు తాడు అయినవాళ్లు పట్టుకోవాలి కదా, ఆయనకెవరూ లేరు. నీ పేరు రాయమన్నాను.

“ఆడపిల్ల చేతికా, అమ్మగారూ? ఊరు నవ్వదూ?” అన్నాడు అంత్యక్రియల ఏర్పాట్లు చూసే పర్వ్స్.

“నవ్వనీవయ్యా. కవిగారి పద్యాలన్నీ ఆ తాత దగ్గర కంఠతా పట్టింది మా పిల్లొక్కతే. మీ మగాళ్లలో ఎవరినైనా నాలుగు పాదాలు తప్పులేకుండా చెప్పమను, తాడు వాడికే ఇద్దాం” అన్నాను.

అతను నీ పేరు రాసుకున్నాడు.

గురువారం సాయంత్రం బస్సుకు రా. నల్లకోటు ఇక్కడే ఉంది, ఇస్త్రీ చేశాను. ఎత్తుమడమల బూట్లు వద్దు, నేల చిత్తడిగా ఉంది. మీ అమ్మకు దగ్గు తగ్గిందా? పంపిన తేనె వాడుతోందా, అలమరలో దాచిందా?

తాడు చేతిలో ఉండగా ఏడవకు. చెయ్యి వణికితే పెట్టె ఒరుగుతుంది. దించాక ఏడుద్దువుగాని. నేనూ అప్పటిదాకా ఆపుకుంటాను.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

అమ్మమ్మ