గంజి పట్టిన తాడు

జూలై 9, ఆదివారం
మధు పోయి నెలా పది దినాలు. ఈ నోటుబుక్కు వాడిదే. ముందర అంతా గాలిపటం బొమ్మలు, లెక్కలు. నేను వెనకనుంచి రాస్తాండా.

జూలై 10
గాలి ఆగల్యా. ఇట్లాంటి గాలికి నా కొడుకు ఇంట్లో నిలిచేటోడు కాదు. "నేలమింద గాలి దొంగదిమా, వచ్చి పోతాది. పైన అట్ల కాదు, ఒకే తీరున ఈడుస్తాది" అనేటోడు. మంచమంత పటం. అది లాగితే డ్రమ్ముకు చుట్టిన తాడు వదులుతాది, డ్రమ్ము తిరిగి కరెంటు పుడతాది. మళ్ళ పటాన్ని కిందికి గుంజేదే తంటా — పుట్టిందంతా దానికే సరిపోతాండె.
"ఇచ్చిన చేత్తోనే గుంజుకుంటాది కదరా నీ పటం!" అంటి. ఎంత నవ్వెనో...

జూలై 12
పక్కింటి నాగమ్మ — "అంత సదువుకున్నోడు, కరెంటు తీగెల కాడ ఎగరేస్తాడా యాడన్నా?"
దూరంగానే ఎగరేసినాడు. గాలి ఉన్నట్టుండి పడిపోయె. పటం తీగెల అవతల దిగె. తాడు తీగెల మింద. ఈ కొన వాడి చేతిలో.

జూలై 13
ఖాదర్ వచ్చినాడు. మధుతో కలిసి పటం చేసినోడు. "ఎండిన నైలాన్ తాడులో కరెంటు పారదమ్మా. తడిసుంటే అనుకోవచ్చు, ఆ పొద్దు చినుకే లేదే! తప్పు డ్రమ్ము కాడనే, దాంట్లో పుట్టిన కరెంటే కొట్టింటాది. ఇప్పుడు కింద రబ్బరు పరిచినా. ఆదివారం ఎగరేస్తా. వాడు మొదలుపెట్టింది నిలపకూడదు."
తాడు నా ముందర వేసినాడు. కాలిన ముక్క కోసేసినాడంట.
"నూగు లేసింది. మగ్గం నేసేదానివి, దారం సంగతి నీకే తెల్సు. చూడుమా."
తాడు నా కాడనే విడిచి పోయినాడు.

జూలై 14
మధు పోయిన పొద్దు గూడా తాడుకు నూగే. పడుగుకు పెట్టినట్ల తాడుకంతా గంజి పెడితి. నూగు లేస్తే మేం చేసేది అదే కదా. అన్నం వార్చిన గంజి, ఉప్పు వేసింది. వాడు చూడల్యా. ఆరీ ఆరకనే బండికి కట్టుకొని పోయినాడు.
ఇప్పుడు తాడు మింద వేలు పెట్టి చూస్తి. ఇంకా బిరుసుగానే ఉండాది.

జూలై 15
ఖాదర్‌కు చెప్పాల.
చెప్తే మళ్ళ అమ్మా అని పిలుస్తాడా?

జూలై 16, ఆదివారం
పొద్దున్నుంచి చినుకు. తాడును మగ్గం గుంతలో వేసి, దాని మింద కాళ్ళు పెట్టుకొని రాస్తాండా. వాకిట్లో ఖాదర్ బండి.
"రెండు చినుకులే కదమ్మా, మనం పోయేలోపల ఆగిపోతాది. తాడేదీ?"
చెప్పులు విడిచి లోపలికి వస్తాండాడు...