దోసిలి పట్టిన రోజు

శుక్రవారం రాత్రి.

నిద్ర పట్టడం లేదు. నారాయణమ్మ మాట చెవిలోనే ఉంది.

పొద్దున మా అత్త చెల్లెలు చిన్నత్త చేనులో వేరుశనగ చెట్లు పీకడానికి ఆడవాళ్లమంతా పోయినాము. మధ్యాహ్నం చిన్నత్త నీళ్లు తెచ్చి నా చేతికి చెంబు ఇచ్చింది. మాదిగ నారాయణమ్మకు మాత్రం ఎప్పటిలాగే పైనుంచి దోసిట్లో పోయాలి, చెంబు ఆమెకు తగలకూడదు. నాకు ఒళ్లు మండింది. చెంబు తిరిగిచ్చేసి దోసిలి పట్టాను.

"నాకూ అట్లే పొయ్యి చిన్నత్తా!"

నన్ను చూసి మిగతావాళ్లూ పట్టారు. చిన్నత్త ముఖం మాడ్చుకుని అందరికీ పోసింది. గెలిచామనే అనుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు నారాయణమ్మను అడిగాను, సంతోషమేనా అని. ఆమె నవ్వలేదు.

"మీరంతా నా మాదిరి దోసిలి పడితిరి రెడ్డెమ్మా. నా చేతికి చెంబియ్యమని ఒక్కరన్నా అడిగితిరా?"

ఇంటికొచ్చి గ్లాసు నిండా నీళ్లు తాగాను. ఆమె కోసమని చేశానా, నలుగురూ చూడాలని చేశానా?

రేపు మా చేనులో పని. నారాయణమ్మ కూలికి వస్తుంది. నీళ్లు మోసేది నేనే కదా, చెంబు ఆమె చేతికే ఇవ్వాలనుకున్నాను. చేనులో జరిగిన సంగతి చిన్నత్త మా అత్తకు ఫోన్ చేసి చెప్పేసినట్టుంది. పడుకోబోతూ అత్త అంది:

"రేపు నేనూ వస్తా. నువ్వు చెట్లు పీకు, నీళ్లు నేను పోస్తా."

నీళ్ల చెంబు అప్పుడే అత్త మంచం కింద ఉంది.