తొంభై కిలోల గీత

శనివారం రాత్రి, ఇపో, మలేషియా

కెన్యాలో గుర్రాల మీద తిరుగుతూ ఏనుగుల్ని, జిరాఫీల్ని చూపించే ఆ యాత్రకి తొంభై కిలోలు దాటినవాళ్ళని తీసుకోరు. ఫారంలో ఆ మాట చదివిన మర్నాటి నుంచే మా ఆయనకి రోజూ పొద్దున్నే నాసి లెమాక్ వండిపెట్టాను. చిక్కటి కొబ్బరిపాలతో అన్నం, వేయించిన వేరుశనగలు, రెండు గుడ్లు. మూడు నెలలు పొంగిపోతూ తిన్నాడు.

ఇవాళ మేమిద్దరం స్వారీ నేర్చుకునే రైడింగ్ క్లబ్బులో ఆయన్ని తూకం వేశారు. తొంభై ఆరు.

"అయితే మీరొక్కలే ఎల్తారేటమ్మా?" అని ట్రైనర్ అప్పన్న నన్నే అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన, ఇక్కడి మలయ్ వాళ్ళలా మాట చివర 'లా' తగిలిస్తూ, అందుకున్నాడు. "నాను లేకండా ఇది ఎక్కడికీ ఎల్లదు లా. వొచ్చే ఏడు ఇద్దరం ఎల్తాం. అప్పటికి తగ్గిపోతాను."

పెళ్ళయి ఇరవై ఏళ్ళు. నన్నడిగిన ప్రతిదానికీ ఆయనే జవాబు. అక్కడ సింహం ఎదురైనా నా భయం కూడా ఆయనే పడేవాడు.

క్లబ్బు మెట్లు దిగుతూ ఆయాసంతో రెండుసార్లు ఆగాడు. నేను ఆగలేదు. కొవ్వు తగ్గించమని డాక్టరు చెప్పిన మాట గుర్తుకొచ్చింది, కానీ వచ్చే ఏడైనా నేనొక్కదాన్నే వెళ్ళాలి.

రేపటికి కొబ్బరి తురిమి ఫ్రిజ్‌లో పెట్టి వచ్చాను. ఇక నుంచి మూడు గుడ్లు.