బాతే కదా అని వదిలేశాను

చిట్టితల్లీ,

ఈ ఉత్తరం రాయకుండా తప్పించుకుందామనే చూశాను. ఇంకో రెండు రోజులు నోరు మూసుకుంటే అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. కానీ రాత్రి భోజనాల దగ్గర నువ్వు "పిడుగూ, ఉప్పు కావాలేమో మీ నాన్నని అడుగు" అన్నావు. పక్కనే ఉన్న అల్లుడు "అక్కర్లేదని మీ అమ్మకి చెప్పు" అన్నాడు. చెయ్యి కడుక్కుని ఇది మొదలుపెట్టాను. ఎదురుగా చెబితే సగంలోనే అడ్డుపడతావు. కాగితానికి అడ్డుపడలేవు కదా, అందుకని నీ టిఫిన్ డబ్బా కింద పెడుతున్నాను.

రబ్బరు తిరిగివ్వని స్నేహితురాలితో మన పిడుగు "విడాకుల కాగితాలు పట్రా, ఇప్పుడే సంతకం పెట్టేస్తా!" అందని టీచరు నిన్ను పిలిపించింది. "ఇంట్లో అంతా బాగానే ఉందా అమ్మా?" అని అడిగింది. అప్పటిదాకా బాగానే ఉంది. నువ్వు ఇంటికొచ్చి "దానికేం నూరిపోశారు?" అన్నావు. అల్లుడు "నీ మనసులో ఏముందో!" అన్నాడు. అంతే, నాలుగు రోజులుగా మాటల్లేవు. తల్లీ, ఆ మాట మీ ఇద్దరిదీ కాదు. టీవీలో ఒక బాతుది.

ముప్పై ఏళ్లు సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపినవాణ్ణి. అక్షరాలు కూడా పోస్టర్ల మీదే నేర్చుకున్నాను. 'పెద్దలకు మాత్రమే' అని ఉంటే పిల్ల ఈగని కూడా పోనివ్వలేదు. ఒకడు బొగ్గుతో మీసాలు దిద్దుకొచ్చాడు. బొటనవేలితో తుడిచి, "మొలిచాక రా నాయనా" అన్నాను. మొలిచాక నిజంగానే వచ్చాడు, పెళ్లాంతో సహా. అది వేరే కథ. చెప్పొచ్చేదేమంటే, బొమ్మల సినిమాకి మాత్రం ఒక్క పిల్లనీ ఆపలేదు. బొమ్మలంటే పిల్లలవేనని ఒంట్లో ఇంకిపోయింది. అందుకే పిడుగు బడి నుంచి వచ్చి బాతుల బొమ్మ పెట్టుకుంటే, గేటు బార్లా తీసి కునుకు తీశాను.

మూడో రోజు మెలకువొచ్చి చూస్తే బాతు తప్పతాగి పెళ్లాన్ని బండబూతులు తిడుతోంది. అప్పుడే కట్టేయాలి. కట్టలేదు. ఆ ఆడబాతు సంతకం పెడుతుందా లేదా అని నాకే ఆత్రం పట్టుకుంది. ఏడేళ్ల పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని వారం రోజులు చూశాను. అదీ నా నేరం. అల్లుడితో మాట్లాడు. ఇక పిడుగుని నా దగ్గర వదలనంటే, కాదనే మొహం నాకు లేదు.

మీ నాన్న

నాన్నా,

ఆఫీసులో చదివి, అక్కణ్ణించే ఆయనకి ఫోన్ చేశాను. అంతా విని "ఆ బాతులు మనవే కదా" అన్నారు. అవును. పిడుగు పడుకున్నాక మేమిద్దరం రోజూ చూసేది అదే. కోపంలో ఆ మాట బాతుదని ఇద్దరికీ తట్టలేదు. చూసి అలాగే వదిలేస్తాం. మర్నాడు టీవీ పెట్టగానే ముందు అదే కనిపిస్తుంది. పిల్లలకి రాకుండా టీవీకి తాళం వేయొచ్చని అమ్మినవాడు చెప్పాడు. రేపు వేద్దాం, రేపు వేద్దాం అని రెండేళ్లయింది. దొంగలం ముగ్గురం.

తాళం ఇవాళ వేస్తున్నాం. కానీ బాతు తాగిందో లేదో తాళానికేం తెలుసు? పిడుగు నీ దగ్గరే ఉంటుంది. అదేం చూడాలన్నా ముందు నువ్వు చూడు. నిద్రపోకుండా.

ఆడబాతు సంతకం పెట్టదు.

నీ కూతురు

చిట్టితల్లీ,

డ్యూటీలో చేరాను. కథ చివర ముందే చెప్పేశావు, అలాంటివాళ్లని మా హాల్లో బయటికి పంపేవాళ్లం. పిడుగుతో "చూడనివ్వడం నా తప్పే" అన్నాను. "అయితే మా టీచరుకి సారీ చెప్పు తాతయ్యా" అంది. రేపు వెళతాను.

ఈ సాయంత్రం ఏదో నక్కల బొమ్మ కావాలంది. తలుపేసుకుని ముందు నేనొక్కణ్ణే చూశాను. పెద్దవాళ్లది. బయటికొచ్చి కుదరదన్నాను. లోపలికి పోయి, నీ కనుబొమల పెన్సిలుతో మీసాలు దిద్దుకుని వచ్చి నిలబడింది.

బొటనవేలితో తుడిచాను.

మీ నాన్న