నెమలి ఒళ్ళు చేసింది

ఆగస్టు 6

ప్రియమైన పిన్నికి,

మీ అక్క కూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మనుషులమంతా బాగున్నాం. అక్కడ మీరూ, బాబాయీ, బాబాయి కొత్త మోకాలూ బాగున్నారని తలుస్తాను. నేను రాయవలసింది గుర్రాల సంగతి, ముఖ్యంగా మన ఆడగుర్రం నెమలి సంగతి.

ముందుగా ఒక మనవి. ఈ ఉత్తరం బాబాయికి చదివి వినిపించకండి. ఫోను చేద్దామంటే అది ఎప్పుడూ ఆయన తలగడ కిందే ఉంటుంది. పైగా నేను రాయబోయే మాటలు నోటితో పలకడం నావల్ల కాదు. రాయడానికే చెవులు వేడెక్కుతున్నాయి.

నెమలి ఒళ్ళు చేసింది. స్వారీబడి నాకు ఒప్పగించి ఆస్పత్రికి బయల్దేరేటప్పుడు బాబాయి చెప్పిన మొదటి పని దాన్ని తగ్గించడమే. అది వట్టి తిండిపోతు, దాణా సగం చెయ్యి, తాడు కట్టి రెండుపూటలా గుండ్రంగా పరుగెత్తించు, పోటీ నాటికి నాజూగ్గా తయారవ్వాలి అన్నారు. వచ్చే నెల అడ్డుకర్రలు దూకే పోటీలో దాని మీద కూర్చునేది నేనే కదా. గుర్రం మీద ఉన్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదని అప్పుడు ఒప్పుకున్నాను.

ఆయన చెప్పినట్టే చేస్తున్నాను. నెమలి ముఖం పీక్కుపోయింది. వెన్నెముక తేలింది. పొట్ట మాత్రం పెరుగుతూనే ఉంది. జీను పట్టీ ఎంత లాగినా చివరి రంధ్రానికి అందడం లేదు. నిన్న పరుగు మధ్యలో అది ఆగిపోయి, ఇంక నావల్ల కాదన్నట్టు నావైపు చూసింది. చెమట తుడుస్తూ తుడుస్తూ దాని డొక్క మీద తల ఆనించాను. లోపలినుంచి నా చెంప మీద ఒక తన్ను పడింది.

పిన్నీ, నేను కథలు చదివి ఊహించుకోవడం లేదు. ఉలిక్కిపడి వెనక్కి పడబోయాను. మళ్ళీ ఆనించాను. మళ్ళీ తన్ను.

గుర్రాలను చూసుకునే మీసాల మామతో ఎలా చెప్పాలో తెలియక, నెమలి లోపల ఏదో ఉంది మామా అన్నాను. గడ్డి ఉంటుందమ్మా, ఇంకేముంటుంది అన్నాడు. కాదు, కదిలింది అన్నాను. శనగలు తింటే నా పొట్టా కదులుతుంది, దానికేం అన్నాడు. ఇక తప్పక, నేల చూస్తూ, చూడి కట్టిందేమో అన్నాను. ఆ మాట నేను నిఘంటువులో వెతికి పట్టుకున్నది. మా బడిలో జీవశాస్త్రం చెప్పే సిస్టర్ ఆ పాఠం రాగానే ఇంటి దగ్గర చదువుకోండి పిల్లలూ అని పేజీ తిప్పేశారు.

మామ మీసాలు ఊగేలా నవ్వాడు. చూడి కట్టాలంటే మగగుర్రం ఉండొద్దా తల్లీ, ఇక్కడున్న వాళ్ళందరికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లే, ఆఖరివాడు జమీందారు, పోయినేడు వాడిదీ అయిపోయింది, ఇప్పుడీ ఆవరణలో మగాడంటే నేనొక్కణ్ణే, మా ఆవిణ్ణి అడిగితే అదీ అనుమానమే అంటుంది అన్నాడు. నేను దాణా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

మీరు మాటల్లో మాటగా బాబాయిని ఒకటి అడగండి. జమీందారుకు ఆపరేషన్ సరిగ్గానే అయిందా? ఆ తన్ను నిజమైతే, నేను రోజూ పరుగెత్తిస్తున్నది రెండు ప్రాణాలను. త్వరగా జవాబు రాయండి.

మీ
అమ్మాయి


ఆగస్టు 14

పిన్నీ,

మీ జవాబు అందింది. ఆపరేషన్ పశువుల డాక్టరమ్మే దగ్గరుండి చేసింది, ఇందులో అనుమానం ఏముంది, ఆ పిల్ల పుస్తకాలు మరీ ఎక్కువ చదువుతోంది అని బాబాయి నవ్వారని రాశారు. ఆయన నవ్వు ఇక్కడిదాకా వినిపించింది. కానీ ఆ ఉత్తరం వచ్చేసరికే నేను ఆగలేకపోయాను.

నిన్న నెమలి వెనక కాళ్ళు కడుగుతుంటే దాని పొదుగు కనిపించింది. నిండుగా ఉంది. చనుమొనల మీద తేనెమైనంలాంటి చుక్కలు. ఈసారి మామను అడగలేదు, మిమ్మల్నీ అడగలేదు. సైకిలెక్కి డాక్టరమ్మ ఇంటికి వెళ్ళాను. తలుపు తీయగానే ఆవిడ గట్టిగా, ఏమిటమ్మా అలా తెల్లబోయి ఉన్నావు, ఎవరు పోయారు అన్నారు. ఎవరూ పోలేదండి, వస్తున్నారేమో అన్నాను. ఆవిణ్ణి కొట్టానికి వెంటబెట్టుకొచ్చాను.

ఆవిడ నెమలి పొట్ట కింద జిగురులాంటిది రాసి యంత్రం ఆనించారు. చిన్న తెర మీద బూడిదరంగు మబ్బులు కదిలాయి. ఆ మబ్బుల మధ్య ఏదో ఆగకుండా కొట్టుకుంటోంది. అది గుండె అన్నారు ఆవిడ. నెమలిదా అన్నాను. నెమలిది ఇక్కడెందుకుంటుంది, పిల్లది అన్నారు.

నా చేతిలో ఉన్న నీళ్ళ బకెట్ ఎప్పుడు జారిందో తెలియదు. మీసాల మామ అక్కడే గడ్డిమోపు మీద కూలబడ్డాడు. నేనే అనుమానించాను కదా, నాకెందుకు అంత ఆశ్చర్యం అంటారేమో. అనుమానం వేరు పిన్నీ. తెర మీద కొట్టుకునే గుండె వేరు.

నెలలు నిండాయట. ఇవాళో రేపో అన్నారు. తర్వాత నెమలి వీపు మీద చెయ్యి వేసి, ఎముకలు తడిమి, దీన్నా నువ్వు పరుగెత్తిస్తున్నది, దీనికా సగం దాణా పెడుతున్నది అని అరిచారు. బాబాయి పేరు నోటిదాకా వచ్చింది. తాడు పట్టుకున్నది నేను కదా. అవునండి అన్నాను. పిల్ల బతుకుతుందా అని అడిగాను. ఉండవలసినంత పెరగలేదు, లేచి నిలబడి పాలు తాగితే బతికినట్టు, లేవకపోతే మనం చేసేది పెద్దగా ఏమీ లేదు అన్నారు.

అప్పుడడిగారు, తండ్రి ఎవరు అని.

మామ చూపు మెల్లగా కొట్టం మూలకు పోయింది. ఆ వెంటే నాదీ పోయింది. అక్కడ గుమాస్తా నిలబడి ఉన్నాడు. నెమలికి ఒంటరితనం తెలియకూడదని మీరు ముచ్చటపడి తెప్పించిన గాడిద. కళ్ళు సగం మూసుకుని, ఫైలు చూస్తున్నట్టు, ఎప్పటిలాగే ఉన్నాడు. వాడు వచ్చినప్పటినుంచీ ఆ ఇద్దరిదీ ఒకటే కొట్టం. మేం గుర్రాలన్నిటికీ లెక్క చెప్పాం గానీ, వాణ్ణి ఒక మగవాడిగా ఎవరమూ లెక్కపెట్టనేలేదు.

మామ లేచి వాడి ఎదుట నడుం మీద చేతులు పెట్టుకుని, ఏం గుమాస్తాగారూ, ఏదో గుమ్మం దగ్గర కూర్చుని గుట్టుగా కొలువు చేసుకుంటున్నారనుకున్నాం గానీ ఇంట్లో అల్లుడైపోయారా అన్నాడు. డాక్టరమ్మ నవ్వి, అయితే పుట్టేది కంచరగాడిదే, చెవులు చూస్తే తెలిసిపోతుంది అన్నారు. మామ వాణ్ణి తీసుకుపోయి గేటు దగ్గర కట్టేశాడు. అల్లుడికి ఇకనుంచి బయటే మర్యాద అన్నాడు. నెమలి ఇవాళంతా గేటు వైపు చూసి సకిలిస్తూనే ఉంది.

వంశం గల గుర్రమని నలుగురికీ చెప్పుకునే బాబాయికి ఈ కబురు ఎలా చెబుతారో మీ ఇష్టం. నేను మాత్రం పోటీ ఆఫీసుకు ఫోను చేసి నెమలి పేరు తీయించేశాను. ఒంట్లో బాగాలేదని చెబుదామనుకుని, కంగారులో మా గుర్రం తల్లి కాబోతోందండి అన్నాను. అటువైపు గుమాస్తా, మనిషి గుమాస్తా, అభినందనలు చెప్పాడు. బాబాయి ఏమన్నా సరే, నేనింక తాడు పట్టుకోను. దాణా మొత్తం పెడుతున్నాను. ఇంత ఆలస్యంగా పెట్టినది ఆ పిల్లకు ఏపాటి అందుతుందో నాకు తెలియదు.

మీ
అమ్మాయి

తా.క. ఉత్తరం నిన్న రాత్రే మడిచాను గానీ పోస్టు చేయలేదు. ఇవాళ పొద్దున నీళ్ళు పెట్టడానికి వెళ్ళేసరికి గడ్డి మీద తడి తడిగా పడి ఉంది. ఆడపిల్ల. నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పోతున్నాయి. లేస్తుంది, పడుతుంది. నెమలి మూతితో నెడుతుంది, మళ్ళీ పడుతుంది. సాయం పట్టబోతే, మామ పరుగున పిలుచుకొచ్చిన డాక్టరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపారు. చివరికి లేచింది. వెతుక్కుంటూ వెతుక్కుంటూ పొదుగు దగ్గరికి చేరింది. పాలు మింగిన చప్పుడు నేను విన్నాను పిన్నీ. ఏడ్చాను కూడా.

ఆ తర్వాతే ముగ్గురం చెవులు చూశాం. పొట్టివి. చక్కటి గుర్రం చెవులు. నుదుటినుంచి ముక్కుదాకా వంకరగా తెల్లచార. అలాంటి చార ఇక్కడ ఒక్క జమీందారు ముఖానికే ఉంది.

మామ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ మాత్రం నుదురు కొట్టుకున్నారు. ఆపరేషన్ అయిన వెంటనే మగతనం పోదట. కొన్ని వారాలపాటు ఒంట్లో మిగిలి ఉంటుందట. వాణ్ణి ఆడగుర్రాలకు దూరంగా ఉంచమని మీ బాబాయికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను, మీ పిన్ని కూడా అక్కడే ఉంది అన్నారు.

నేను బాబాయికి ఫోను చేశాను. నెమలికి పిల్ల పుట్టింది, అచ్చం జమీందారులా ఉంది బాబాయ్ అన్నాను. ఆయన మెల్లగా, బతికిందా అన్నారు. పాలు తాగుతోంది అన్నాను. అప్పుడు చెప్పారు. ఆపరేషన్ అయ్యాక వాడు గోడవైపు తిరిగి నిలబడి గడ్డి ముట్టలేదే, వాడి ముఖం చూడలేకపోయాను, నెమలి పక్కన వదిలితే తిన్నాడు, అన్నీ తీసేశాక ఇంకేం చేస్తాడులే అనుకున్నాను అన్నారు. మీ పిన్ని అడిగినప్పుడల్లా విడిగానే ఉంచానని చెప్పాను అన్నారు. నెమలి పొట్ట పెరుగుతుంటే మీకు ఒక్కసారైనా అనుమానం రాలేదా అని అడిగాను. రాలేదు తల్లీ, వచ్చుంటే దాన్ని పరుగెత్తించమనేవాణ్ణా అన్నారు. ఆ వెంటనే పిల్ల నిలబడుతోందా అని రెండుసార్లు అడిగారు.

ఇది మీ పిన్నికి నేనే చెప్పుకుంటాను, నువ్వు రాయకు అన్నారు చివర. నేను సరే అనలేదు, కాదనలేదు, ఫోను పెట్టేశాను. గుమాస్తాను గేటు దగ్గరనుంచి విప్పి తెచ్చి వాడి మూలలో వాణ్ణి నిలబెట్టాం. మామ వాడికి క్షమాపణ కూడా చెప్పాడు. ఇక బాబాయి సంగతి. ఈ ఉత్తరం అందేసరికి ఆయన చెప్పేసి ఉంటే, మీరిది చదవనట్టే ఉండండి. చెప్పకపోతే మాత్రం, పిన్నీ, ఆయన ఆ కొత్త మోకాలితో లేచి పరుగెత్తగలిగేదాకా ఏమీ అనకండి.