బిళ్ల వెనక పెట్టె

బీర్‌గావ్, రాయపూర్
14 సెప్టెంబరు 2025

పూజ్యురాలైన బిందుమాధవి అక్కకు చెల్లెలు పూర్ణిమ నమస్కారాలు. విజయనగరంలో నువ్వూ బావగారూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ వానలు ఇంకా వదల్లేదు.

మీ స్కూలు టీచరొకావిడ చెప్పిందని, బావగారి రిటైర్మెంటు డబ్బు ఏదో స్టేబుల్‌కాయిన్‌లో పెడతామని మొన్న ఫోనులో అన్నావు. ఒక కాయిన్ ఎప్పటికీ ఒక డాలరే, పడిపోదు అన్నావు. అది ఫోనులో తేలే మాట కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. పూర్తిగా చదివాకే ఏ పనైనా చెయ్యి.

జూలై ఆఖర్లో ఇక్కడ పక్కనే ఉన్న భన్‌పురిలో ఒక హాల్లో అలాంటి కాయిన్ గురించే మీటింగు పెట్టారు. ఒక ఏజెంటు ఇంటింటికీ తిరిగి పిలవడంతో మన ఫ్యాక్టరీల తెలుగువాళ్లు వందమంది దాకా వచ్చారు. నాగపూర్ నుంచి వచ్చిన కంపెనీ మనిషి, దుబాయ్‌లో ఒకడు పంపిన కాయిన్ తన ఫోనులో పడటం తెరమీద చూపించాడు. మూడు సెకన్లు పట్టిందేమో! కంటికి కనబడని డబ్బు సముద్రం దాటి వచ్చేసరికి నేనూ నోరు తెరుచుకుని చూశాను.

అప్పుడు మా అత్తమ్మ లేచింది. ఆవిడ ఇరవై ఏళ్లు రైసుమిల్లులో బస్తాలు కుట్టింది. పది బస్తాలకు లెక్కలు రాసే మున్షీ ఒక ఇత్తడి బిళ్ల ఇచ్చేవాడు. శనివారం బిళ్లలు అప్పజెప్పి కూలి తీసుకోవాలి. ఒకసారి పెట్టెలో ఉన్న డబ్బుకు మించి బిళ్లలు పంచేసి మున్షీ పారిపోయాడు. అందరికీ మిగిలింది ఇత్తడే.

"బాబూ, రేపు నాను ఈ బిళ్ల తెచ్చిస్తే డబ్బులెవులిస్తారు? ఆ డబ్బు ఏ పెట్టిలో ఉంది? పెట్టి తెరిచి సూసినోడెవుడు?" అని అడిగింది.

అతనికి తెలుగు రాదు. నేను లేచి హిందీలో చెప్పాను. "మాతాజీ, భరోసా రఖియే" అంటూ నమ్మకం ఉంచమని నవ్వాడు.

"బరోసా సరే. పెట్టి సూపించు."

అతను ఇంకేదో స్లయిడు చూపించబోయాడు. అత్తమ్మ ఏజెంటు వైపు తిరిగింది. "ఈ జనాన్ని పిలిచినోడివి నువ్వు. నువ్వు సూసేవా?"

ఏజెంటు మైకు అందుకుని, "లేదు, నేను చూడలేదు. ఎవరూ డబ్బు కట్టకండి" అన్నాడు. జనం లేచిపోయారు.

మర్నాడు ఆఫీసులో తీరిక దొరికితే ఫోనులో చదివాను. యూరప్‌లోనూ, ఈమధ్యే అమెరికాలోనూ ఈ కాయిన్లకు చట్టాలు చేశారట. వదిలిన కాయిన్లకు సరిపడా సొమ్ము విడిగా ఉంచాలి, బయటివాళ్లు దాన్ని తనిఖీ చెయ్యాలి, అడిగినవాళ్లకు తిరిగివ్వాలి. చదువుతుంటే అత్తమ్మే గుర్తొచ్చింది అక్కా. పెద్దపెద్దవాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని రాసింది, వేలిముద్ర వేసే మనిషి మూడు మాటల్లో అడిగేసింది! మన దేశంలో లాభం మీద పన్నయితే ఉంది గానీ, పెట్టె తనిఖీ చేయించే చట్టం ఇంకా రాలేదు. పేరులో స్టేబుల్ అని ఉన్నంత మాత్రాన అన్నీ నిలబడేవి కావు.

మూడు వారాలకు ఆ కంపెనీ యాప్ మూతపడింది. మీటింగుకు ముందే కట్టిన పదమూడు మందికి ఇంతవరకు పైసా రాలేదు. మీ టీచరమ్మను కూడా ఆ మూడు ప్రశ్నలూ అడుగు. జవాబు కాగితం మీద దొరక్కపోతే బావగారి డబ్బు బ్యాంకులోనే ఉండనీ.

బావగారికి నమస్కారాలతో,
నీ చెల్లెలు,
పూర్ణిమ

తా.క. కవరు అంటించబోయి ఆగాను. నీ దగ్గర దాచడం నావల్ల కాలేదు. ఆ ఏజెంటు మీ మరిదే, మా ఆయన రఘే, అక్కా. పదమూడు మందిలో మొదటిపేరు మాదే. నా గాజులు అమ్మి కట్టాం. ఇప్పుడు రఘు ఆదివారాలు మిగతా పన్నెండు మంది ఇళ్లకూ వెళ్లి, సైబర్ పోలీసులకు ఫిర్యాదులు రాయించి, వాళ్లతోపాటు స్టేషనుకు వెళ్తున్నారు. తిట్టేవాళ్లు తిడుతున్నారు. ఆ రోజు హాలు నుంచి ఇంటికొచ్చాక ఆయన కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయారు. అత్తమ్మ పక్కన కూర్చుని పప్పు వేసి, "నిజం సెప్పినావు కదరా, తిను" అంది.